కొండ పేరు, కొడుకు పేరు

పల్నాటి సీమ నుండి ఆకాశవాణికి వచ్చే ఉత్తరాలు విప్పి చదువుట మా ఉద్యోగ ధర్మాలలో ఒకటి. కోరిన పాటలకై వ్రాసే శ్రోతలు పాట పేరును ఒక పంక్తితో సరిపెట్టి, తక్కిన కార్డంతా ఇంటిల్లిపాది పేర్లతో నింపుతారు. ఆ పేర్లను తప్పు లేకుండా, ఎవరి మనసూ నొవ్వకుండా చదువుట పాటను వినిపించుట కంటె కష్టమైన పని. ఒక్క పేరు తప్పిపోయినదా, మరుసటి వారమే ఫిర్యాదు వస్తుంది. అట్టి కార్డు ఒకటి ఆ మధ్య మా చేతికి వచ్చినది. మొదట ఇంటి పెద్ద కోటయ్య, తరువాత ఆయన కుమారులు కోటేశ్వరరావు, అంకమ్మరావు, ఆ తరువాత మనుమడు నాగార్జున, అందరి చివర నిన్న మొన్న పుట్టిన మునిమనుమరాలు. ఆ పాప పేరును ప్రస్తుతానికి ప్రక్కన పెడుదాము.

మొదటి మూడు పేర్లు ఏ దారిన వచ్చినవో పల్నాటివారికి ఒకరు చెప్పనక్కరలేదు. నరసరావుపేట దాపున కోటప్పకొండ ఉన్నది. కొండ మీద త్రికోటేశ్వరస్వామి. శివరాత్రి తిరునాళ్ళకు ఊరూరి నుండి ప్రభలు కట్టుకొని జనం కదలి వస్తారు. సంతానం లేనివారు ఆ స్వామికి మ్రొక్కుకొంటారు. బిడ్డ కలిగితే కోటయ్య, కోటమ్మ, కోటిరెడ్డి, కోటేశ్వరరావు, కోటేశ్వరమ్మ. బడిలో హాజరుపట్టీ తీసి కోటేశ్వరరావు అని పిలిస్తే నలుగురు ఒక్కసారి లేచిన తరగతులుండేవి. మాచర్ల చెన్నకేశవస్వామి పేర చెన్నయ్యలు, చెన్నకేశవులు వెలసినారు. కారెంపూడి అంకాళమ్మ అయితే ఆడపిల్లలకే కాక మగపిల్లలకు కూడ పేరిచ్చినది. అంకమ్మరావు అనే పేరు విని ఇతర జిల్లాలవారు ఒక క్షణం తబ్బిబ్బు పడుట మేము చూచినాము. అమ్మవారి పేరుకు రావు చేర్చుటలో వింత ఏమున్నదో పల్నాటివారికి తోచదు. ఇక వీరుల పేర్లు. 12వ శతాబ్దిలో కారెంపూడి యుద్ధభూమిలో జరిగిన సంగ్రామం ముగిసి ఎనిమిది వందల ఏండ్లు దాటినా బ్రహ్మనాయుడు అని పిలిస్తే పలికేవారు ఈనాటికీ ఆ సీమలో ఉన్నారు.

కాబట్టి పల్నాట బిడ్డకు పేరు రావలెనంటే మూడే త్రోవలు: మ్రొక్కిన దేవుడు, గతించిన తాత, కథలోని వీరుడు. నాగార్జునుడు ఈ మూడింటిలో దేనికీ చెందడు. ఆయనకు గుడి లేదు, తిరునాళ్ళు లేవు. ఆయన పేర మ్రొక్కినవారు లేరు. ఆ పేరు గల తాత ఏ ఇంటిలోనూ లేడు. ఆయనను గూర్చి వీరగాథ పాడే పిచ్చుకగుంట్లవారు లేరు. అయినను ఆ పేరు ఒక తరంలో పల్నాట పుట్టుకొచ్చి, తెలుగునాడంతటా వ్యాపించినది. అది ఎట్లు జరిగినదో విచారించుటయే ఈ ప్రసంగానికి విషయం.

ముందు పేరు సంగతి. ఆచార్య నాగార్జునుడు క్రీస్తుశకం 2వ శతాబ్ది ప్రాంతపు బౌద్ధ దార్శనికుడు. మహాయానంలో మాధ్యమిక దర్శనానికి మూలపురుషుడు. 5వ శతాబ్ది ఆరంభంలో చీనాలో గ్రంథాలు అనువదించిన కుమారజీవుని పేర ప్రచారంలో ఉన్న జీవితచరిత్రలో ఈ నామానికి వివరణ కలదు. తల్లి ఆయనను అర్జున వృక్షం క్రింద కన్నదట, నాగరాజు ఆయనకు జ్ఞానం అందించినాడట, కనుక నాగార్జునుడైనాడు. అర్జున వృక్షమంటే మన తెల్లమద్ది చెట్టే. చీనావారు ఈ కథను నమ్మి ఆయన పేరును నాగవృక్షమనే అర్థం వచ్చే లుంగ్-షు అనే మాటగా మార్చుకొన్నారు. జపానువారు ఆ అక్షరాలనే ర్యూజు అని చదువుతారు. కృష్ణ ఒడ్డు చెట్టు పేరు ఏ తూర్పు సముద్రాల వరకో పోయినది గాని, ఆ చెట్టు నీడన ఉన్న పల్లెలలో ఎవరి నోటా బిడ్డ పేరుగా పలుకలేదు.

ఆయన తన మిత్రుడైన శాతవాహన రాజుకు వ్రాసినట్లు చెప్పే సుహృల్లేఖను భారతదేశంలో విద్యార్థులు కంఠస్థం చేసేవారని 7వ శతాబ్దిలో వచ్చిన చీనా యాత్రికుడు ఇత్సింగు వ్రాసినాడు. వస్తువులకు తమదంటూ స్వభావమేదీ లేదనీ, పేర్లన్నీ వ్యవహారం కొరకు కల్పించుకొన్నవేననీ వాదించిన మహనీయుని పేరు ఇంతకాలం నిలువుట ఒక విధంగా చిత్రమే.

ఇక కొండ సంగతి. నాగార్జునకొండ లోయలో 3వ, 4వ శతాబ్దులలో ఇక్ష్వాకు రాజుల రాజధాని ఉండేది. దాని పేరు విజయపురి. ఆ పరిసరాలలోని కొండను శాసనాలు శ్రీపర్వతమని పిలిచినవి. రాజుల పేర్లు చాంతమూలుడు, వీరపురుషదత్తుడు, ఎహువల చాంతమూలుడు. వారు తమను వాసిష్ఠీపుత్రుడనీ మాఠరీపుత్రుడనీ తల్లి పేర చెప్పుకొన్నారు. స్త్రీల పేర్లు ఇంకను సొగసైనవి. మహాచైత్యాన్ని నిర్మింపజేసిన రాజవంశపు స్త్రీ చాంతిసిరి. సింహళ భిక్షువుల కొరకు చైత్యగృహం కట్టించిన ఉపాసిక బోధిసిరి. అడవి చాంతిసిరి, కొడబలిసిరి అనే పేర్లు కూడ ఆ రాళ్ళ మీద ఉన్నవి. ఇందరి పేర్లు చెప్పిన శాసనాలలో ఆచార్య నాగార్జునుని పేరు మాత్రం కానరాదు. కృష్ణకు ఆవలి ఒడ్డున జగ్గయ్యపేట స్తూపం వద్ద దొరికిన తరువాతి కాలపు శాసనంలో, ఒక బుద్ధ ప్రతిమను ప్రతిష్ఠించిన చంద్రప్రభుడు తన గురువు జయప్రభుడనీ, ఆయన గురువు నాగార్జునాచార్యుడనీ చెప్పుకొన్నాడు. ఆయన చివరి దినాలు శ్రీపర్వతం మీద గడచినవని టిబెట్టు గ్రంథాలు చెప్పినవి. శాసనాలు చెప్పని సంబంధాన్ని ఈ ఐతిహ్యమే కాపాడినది.

కొండకు మాత్రం ఆ పేరు మధ్యయుగం నాటికే స్థిరపడినది. బౌద్ధం పోయినది, విహారాలు మట్టిలో కూరుకొనిపోయినవి, కొండ మీద కోట వెలసినది. శ్రీకృష్ణదేవరాయలు 1515లో గజపతుల నుండి గెలుచుకొన్న దుర్గాలను చెప్పే శాసనాలలో వినుకొండ, బెల్లంకొండ, తంగెడల సరసన నాగార్జునకొండ కూడ ఉన్నది. అనగా ఐదు వందల ఏండ్ల క్రితం ఆ సీమలోని సిపాయికీ పశులకాపరికీ నాగార్జునకొండ అనే మాట తెలుసు. తెలిసి కూడ ఒక్కడు తన కొడుక్కు ఆ పేరు పెట్టలేదు. కోటప్పకొండ వేలమందికి పేరిచ్చినది, నాగార్జునకొండ ఒక్కరికీ ఇవ్వలేదు. ఒక కొండ మీద దేవుడున్నాడు. రెండవదాని మీద పాడుపడిన కోట గోడలున్నవి. కారణం ఇంతకంటె దూరం వెదుక నక్కరలేదని మా అభిప్రాయం.

ఆ లోయ మరల లోకం కంటబడినది 1926లో. మాచర్ల ఉపాధ్యాయులు సూరపరాజు వెంకటరామయ్యగారు అక్కడి పాత రాతి స్తంభాన్ని చూచి ప్రభుత్వానికి తెలియజేసినారు. మద్రాసు శాసన పరిశోధక కార్యాలయం నుండి ఎ. ఆర్. సరస్వతిగారు వచ్చి పరీక్షించినారు. 1927 నుండి 1931 వరకు లాంగ్‌హర్‌స్ట్ దొర, 1938లో టి. ఎన్. రామచంద్రన్ త్రవ్వకాలు సాగించినారు. పత్రికలలో బొమ్మలు పడినవి, పండితులు వ్యాసాలు వ్రాసినారు, చదువుకొన్నవారు నాగార్జునుని పేరు తలచుకొని గర్వపడినారు. గర్వపడుట వేరు, తొట్టిలో బిడ్డకు పేరు పెట్టుట వేరు. ఆ పని ఇంకను ఎవరూ తలపెట్టలేదు.

దానికి నీరు రావలసి వచ్చినది.

పల్నాడు జొన్నల సీమ. అక్కడి రాళ్ళనూ, నీటి ఎద్దడినీ, జొన్నకూటినీ శ్రీనాథుడు వెక్కిరించినాడని చెప్పే చాటువులు తెలుగువారందరికీ తెలుసు. కృష్ణ సీమను ఒరుసుకొని పారుతూనే ఉన్నది గాని, నది లోతున, పొలాలు మెట్టన. చేతికందే దూరంలో ఏరు, చేనికందని నీరు. అట్టి చోట పెద్ద ఆనకట్ట కట్టవలెనని ముక్త్యాల రాజావారు మొదలైనవారు పట్టుబట్టి ప్రయత్నించినారు. తొలుత ఆ పథకానికి నందికొండ ప్రాజెక్టు అని పేరు. నందికొండ నదికి ఆవలి ఒడ్డున నల్లగొండ జిల్లాలోని గ్రామం. ఆ పేరే నిలిచి ఉన్నచో ఈనాడు మా కార్డుల మీద ఏ పేరు ఉండేదో ఊహించుట కష్టం. పేరు మార్చి నాగార్జునసాగరమన్నారు. 1955 డిసెంబరు 10న ప్రధానమంత్రి జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేసినారు. అప్పటికి ఈ ఒడ్డు ఆంధ్ర రాష్ట్రం, ఆ ఒడ్డు హైదరాబాదు రాష్ట్రం. 1967 ఆగస్టు 4న ప్రధానమంత్రి ఇందిరాగాంధీ కాలువలకు నీరు వదలినారు. కుడి కాలువకు జవహర్ కాలువ అని పేరు పెట్టినారు.

కాలువ వచ్చిన ఊళ్ళలో మాట మారినది. సాగర్ నీళ్ళు వచ్చినవా, సాగర్ కట్టినారా, అనే ప్రశ్నలు రైతు నోట దినచర్య అయినవి. జొన్నచేను వరిమడి అయినది. వర్షం కొరకు కప్పతల్లి ఆడిన వీధులలో కాలువ వంతుల కొరకు తగవులు మొదలైనవి. సాగర్ అనే పేరే మగపిల్లలకు విరివిగా వచ్చినది. విద్యాసాగరుడని పూర్వం ఉన్నమాట నిజమే గాని, ఒట్టి సాగర్ అని పిలుచుట తెలుగు పల్లెకు క్రొత్త. నాగార్జున అనే పేరు కూడ ఆ నీటివెంటనే పల్లెకు చేరినదని మేము తలుస్తున్నాము. వరమిచ్చినవాని పేరు బిడ్డకు పెట్టుట పల్నాటి ఆచారమే కదా. ఇన్నాళ్ళు ఏ వరమూ ఇవ్వని కొండ ఇప్పుడు పంట ఇచ్చినది. మనిషి పేరు కొండకు, కొండ పేరు ఆనకట్టకు, ఆనకట్ట పేరు మరల మనిషికి: ఈ చుట్టు తిరుగుటకు పదునెనిమిది వందల ఏండ్లు పట్టినది. నరసరావుపేట విషయంలో పని ఇంతకంటె సులువుగా ముగిసినది. జమీందారు మల్రాజు నరసారాయని పేరు ఊరికి వచ్చి అక్కడనే ఆగినది.

అయితే ఆ నీటికి మరొక ప్రక్క ఉన్నది. జలాశయం నిండకముందు, 1954 నుండి 1960 వరకు, ఆర్. సుబ్రహ్మణ్యంగారి ఆధ్వర్యంలో లోయ అంతటా త్రవ్వి, ముఖ్యమైన కట్టడాలను రాయి రాయిగా ఎత్తి కొండ మీదికీ, ఒడ్డున అనుపు వద్దకూ చేర్చినారు. స్తూపాలను ఎత్తగలిగినారు. ఊళ్ళను ఎత్తుట ఎవరి తరం? లోయలోని పుల్లారెడ్డిగూడెం నీటి అడుగున పడినది. నాగార్జునకొండ కొన మాత్రం ద్వీపమై మిగిలినది.

కొంతకాలం క్రింద కార్యక్రమ నిమిత్తం మేము విజయపురి సౌత్ వద్ద లాంచి ఎక్కి ఆ ద్వీపానికి పోయినాము. ప్రక్కన డెబ్బది అయిదేండ్లు దాటిన రైతు కూర్చున్నాడు. మాటల సందర్భంలో ఆయన కుమారుని పేరు నాగార్జున అని తెలిసినది. "పెద్దయ్యా, సాగర్ నీళ్ళు వచ్చిన సంతోషంతో పెట్టుకొన్నారా?" అని అడిగినాము. ఆయన లాంచి అంచు నుండి నీటిలోకి చేయి చూపినాడు. "సంతోషమెక్కడిది బాబూ. మా ఇల్లు ఈ నీళ్ళ కింద ఉంది. నేను పిల్లోడిగా ఉన్నప్పుడు లేపేశారు. మాకు కాలవా లేదు, మడీ లేదు, మమ్మల్ని పంపిన కాడ మెట్ట చేలే. ఊరెట్లాగూ పోయింది, కొండ పేరన్నా ఇంట్లో ఉండాలని మా నాయన పట్టుబట్టి మనవడికి పెట్టించాడు." కొంతసేపు ఊరకుండి, నవ్వి, "పట్నంలో వాణ్ణి అందరూ సినిమా హీరో పేరు పెట్టుకున్నావా అని అడుగుతారంట. వాడూ అవునంటాడంట. ఎవరికని చెప్తాడు?" అన్నాడు.

ఆ మాట విన్నప్పటి నుండి ఈ పేరును మైక్రోఫోను ముందు చదివేటప్పుడు మాకు ఒక సందేహం కలుగుతూనే ఉన్నది: ఇది నీరు వచ్చిన ఇంటి పేరా, నీట మునిగిన ఇంటి పేరా? కార్డు చూచి చెప్పలేము. అక్షరాలు రెండిటికీ ఒకటే.

సినిమా ప్రసక్తి వచ్చినది గనుక అది కూడ తేల్చవలెను. అక్కినేని నాగేశ్వరరావుగారి కుమారుడు నాగార్జున 1959 ఆగస్టు 29న మద్రాసులో జన్మించినారు. సాగరానికి శంకుస్థాపన జరిగి నాలుగేండ్లు కాలేదు. నాగార్జున శబ్దం అప్పుడు పత్రికలలో నిత్యం మ్రోగుతున్నది. నాగేశ్వరుని ఇంట నాగార్జున అనుట చెవికి ఇంపుగానూ ఉన్నది. ఆయన కథానాయకుడుగా తొలి చిత్రం విక్రమ్ 1986లో, శివ 1989లో విడుదలైనవి. ఆ తరువాత ఈ పేరు పెట్టుకొన్నవారిలో చాలమందికి మనసులో ఉన్నది నటుడే అనుటలో సందేహం లేదు. కాని 1986కు ముందే బడిలో చేరిన నాగార్జునలు పల్నాట ఉన్నారు. ప్రతి పేరునూ సినిమా ఖాతాలో వ్రాయుట ఈనాటి అలవాటు. అది అన్నివేళలా న్యాయం కాదు. 1976లో గుంటూరు సమీపాన స్థాపించిన విశ్వవిద్యాలయానికి నాగార్జున విశ్వవిద్యాలయమని పేరు పెట్టినారు. 2004లో ఆ పేరుకు ముందు ఆచార్య శబ్దం చేర్చినారు. నటునికీ దార్శనికునికీ మధ్య లోకం పొరబడకుండుటకే ఆ మాట చేర్చినారని కొందరు పరిహాసమాడుతారు. పరిహాసమే కావచ్చు.

పేరు రూపాన్ని గూర్చి ఒక మాట. తెలుగులో మగవాని పేరు సామాన్యంగా డువర్ణంతోనో, అయ్యతోనో, రావు, రెడ్డి వంటి మాటతోనో ముగిసేది. అర్జునుడు, మల్లయ్య, మల్లికార్జునరావు. ఈ మల్లికార్జున శబ్దం శ్రీశైలం పుణ్యమా అని తెలుగు చెవికి తరతరాలుగా అలవాటైనది. నాగయ్య, నాగేశ్వరరావులు ఇంటింటా ఉన్నారు. మల్లికార్జున నుండి చివరి సగం, నాగయ్య నుండి మొదటి సగం తీసి కూర్చినట్లుండే నాగార్జున అనే మాట క్రొత్తదైనను పరాయిగా వినబడలేదు. అందుచేతనే అంత తొందరగా ఇమిడిపోయినది. ముందు నాగార్జునరావు, నాగార్జునరెడ్డి అని తోక తగిలించి పిలిచేవారు. తరువాత తోక ఊడి ఒట్టి నాగార్జున నిలిచినది. అరుణ, కరుణ అన్నట్లు అకారంతో ఆగిపోయే ఈ రూపం మగవానికి ఒప్పదని సణిగిన పాతకాలపు తెలుగు పండితులను మేము ఎరుగుదుము. వారి సణుగుడు నెగ్గలేదు. మా ఆకాశవాణి ప్రసంగాలలో మాత్రం భేదం ఒకటి దానంతట అదే ఏర్పడినది: దార్శనికుని చెప్పునప్పుడు నాగార్జునుడంటాము, పాట కోరిన పిల్లవాని చెప్పునప్పుడు నాగార్జున అంటాము. ఒక్క డువర్ణం పదునెనిమిది శతాబ్దాల దూరాన్ని చూపుతున్నది.

ఇట్లు కాలంలో జరిగిన సంగతి బిడ్డ పేరై కూర్చొనుట మనకు వింత కాదు. విజయవాడ నాస్తికోద్యమ నాయకులు గోరాగారు ఉప్పు సత్యాగ్రహపు ఏడు 1930లో పుట్టిన కుమారునికి లవణం అనీ, ప్రపంచ యుద్ధం మొదలైన 1939లో పుట్టినవానికి సమరం అనీ పేర్లు పెట్టినారు. పొరుగున తమిళనాట 1953 మార్చిలో కరుణానిధిగారింట పుట్టిన బిడ్డకు, ఆ రోజులలోనే మరణించిన రష్యా నాయకుని పేర స్టాలిన్ అని నామకరణం జరిగినది. ఇవి నాయకుల ఇండ్లలో ఆలోచించి పెట్టిన పేర్లు. పల్నాటి నాగార్జున అట్టిది కాదు; ఒకరు చెప్పగా మరొకరు పెట్టినది కాదు, కాలువ పారినట్లు పారినది. బీహారులో పుట్టిన హిందీ కవి వైద్యనాథ మిశ్ర, 1936లో సింహళానికి పోయి బౌద్ధదీక్ష తీసుకొని నాగార్జున్ అనే పేరు స్వీకరించి, 1998లో కన్నుమూసే వరకు ఆ పేరనే ప్రసిద్ధుడైనాడు. ఆయనకు ఆ పేరు గ్రంథం నుండి వచ్చినది, మనవారికి గట్టు నుండి వచ్చినది.

ఇప్పుడు ఆ పేరు మరల నెమ్మదించినట్లు కనబడుతున్నది. 2022 ఏప్రిల్ 4న పల్నాడు నరసరావుపేట కేంద్రంగా ప్రత్యేక జిల్లా అయినది. నీరు వచ్చిన తొలినాళ్ళలో పేరు పెట్టించుకొన్న పిల్లలు నడివయసు దాటినారు. వారు తమ పిల్లలకు రెండక్షరాల, మూడక్షరాల పేర్లు వెదకుతున్నారు. కొందరు పేర్లు మాకు నోరు తిరుగనివి, ఏ భాషవో తెలియనివి వ్రాసి పంపుతున్నారు; వాటిని గూర్చి ఫిర్యాదులు మరింత హెచ్చుగా వస్తున్నవి.

మొదట చెప్పిన కార్డు చివర, నాగార్జునగారి పాప పేరును మేము ప్రక్కన పెట్టినాము. ఆ పేరు సిరి. పొట్టిగా, ముద్దుగా, క్రొత్తగా ఉన్నదని తల్లిదండ్రులు ఎంచుకొని ఉంటారు. పాప కోరినట్లుగా వారు వ్రాసిన జోలపాటను ఆదివారం మధ్యాహ్నం వినిపించినాము. పేర్లు చదువునప్పుడు చాంతిసిరి, బోధిసిరి అనే మాటలు నోటి చివరి వరకు వచ్చినవి గాని, వేళ చాలక ఊరకున్నాము.